ఉప్మా టీచరమ్మకు ఒక కబురు

నేను జువాలజీ చదివిన మనిషిని. శ్మశానం పక్క వీధిలో కిరాయికి ఉన్నప్పుడు కూడా ఏనాడూ భయపడలేదు. దయ్యాల మాట ఎత్తితే నవ్వే నాకే ఇది జరిగింది.

మా అమ్మ కోదాడలో టీచరు. ఆమెకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన రెండేళ్లకు అది ఎముకల్లోకి పాకింది. హైదరాబాద్‌లో కొత్త ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. అవి పనిచేస్తున్నాయో లేదో తెలియడానికి రక్తంలో సీఏ 15-3 అనే ట్యూమర్ మార్కర్ లెక్క కూడా చూసేవారు; అది పెరిగితే రోగం ముదిరిందని భయం.

"ఈసారి లెక్క పెరిగితే ఇగ సూదులు వద్దు. ఉన్నన్ని రోజులు మనవరాలితో ఆడుకుంట" అని అమ్మ తేల్చి చెప్పేసింది.

అవి తొంభైల మొదటి రోజులు. సూర్యాపేట ల్యాబ్‌లో రక్తం ఇస్తే అది హైదరాబాద్ వెళ్లి, వారానికి రిపోర్టు వచ్చేది. ఈసారి రిపోర్టు తేవడానికి మా మిర్యాలగూడ నుంచి పాపను ఎత్తుకుని నేనే వెళ్లాను. పోయినసారి డెబ్బై ఉన్నది నూట పది అయింది.

కోదాడ వెళ్లి అమ్మకు ఏం చెప్పాలో తెలియలేదు. కవరు సంచి అడుగున దాచి, సూర్యాపేట బస్టాండు బెంచీ మీద పట్టపగలు ఏడుస్తూ కూర్చున్నాను.

ఒకామె వచ్చి పక్కన కూర్చుంది. కుడిచేతి నిండా గాజులు, ఎడమ చేయి బోసి. రొమ్ము ఆపరేషన్ అయినవాళ్లు వాపుకు భయపడి ఆ పక్క చేతికి గాజులు వేసుకోరు. కొత్త ముఖం చూస్తే కేకలు పెట్టే మా పాప ఆమె ఒళ్లోకి ఎక్కి గాజులతో ఆడుకుంది.

"ఏడ్వకు బిడ్డా. మందు పట్టింది, గందుకే పెరిగింది. ఇగ దిగుతది. సూదులు మానొద్దని మీ ఉప్మా టీచరమ్మకు చెప్పు" అంది.

రిపోర్టు సంగతి, అమ్మ సంగతి నేను ఆమెకు ఒక్క మాటా చెప్పలేదు. కోదాడ బస్సు వచ్చిందేమోనని తల తిప్పి చూసేసరికి, పాప ఒక్కతే బెంచీ మీద నవ్వుతూ కూర్చుంది.

ఇంటికెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. అమ్మ రిపోర్టు పక్కన పడేసి పడీపడీ నవ్వింది. ఆ పేరు పెట్టింది ఆపరేషనప్పుడు పక్క బెడ్డులో ఉన్న నేరేడుచర్ల యాదమ్మ అట. అమ్మ డబ్బాలోని ఉప్మాను రోజూ వెక్కిరించేదట. నేనప్పుడు బాలింతను, దవాఖానకు వెళ్లలేదు. యాదమ్మ కిందటి వానాకాలంలోనే చనిపోయింది.

"సచ్చినా నా ఉప్మాను వదల్లేదు సూడు" అంటూ అమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ వారం ఇంజెక్షన్‌కు బయల్దేరింది.

రెండు నెలలకు లెక్క ముప్పై ఎనిమిదికి దిగింది. మందు పనిచేయడం మొదలైనప్పుడు కొందరిలో మార్కర్ కొన్ని వారాలు పెరిగి తర్వాత తగ్గుతుందనీ, ఒక్క రిపోర్టుతో ఏదీ తేల్చలేమనీ డాక్టరు చెప్పారు. అమ్మ వార్డంతా మిఠాయి పంచింది.

తర్వాత ఇద్దరం నేరేడుచర్ల వెళ్లాం. గోడమీద యాదమ్మ ఫోటో పెళ్లినాటిది, పోల్చుకోలేకపోయాను. కాఫీ ఇస్తూ ఆమె కూతురు అంది: "మా అమ్మకు గూడ ముందు పెరిగింది. అది సూసి సూదులు బంద్ చేసింది. మళ్ల దిగొచ్చని మాకెవ్వరూ చెప్పలే."

బతికుండగా యాదమ్మకే తెలియని మాట నాకు ఎవరు చెప్పారు? ఆ రాత్రి ఎంత ఆలోచించినా తేలలేదు. పక్క గదిలో అమ్మ పాపను పొదువుకుని ఇల్లదిరేలా గురక పెడుతూ నిద్రపోయింది.