రెండు రిజిస్టర్ల మధ్య సోంబాయి: జైనూర్ కొండల్లో ఒక రోజు

జైనూర్ దగ్గరి గూడేల్లో నర్సుగా పనిచేస్తున్న మా చెల్లెలు స్వరూప ఫోన్ చేసి, "అక్కా, నా బీపీ మిషన్ ఖరాబైంది. కొత్తది కొనుక్కొని జర జల్ది రా" అంది. అలా బయలుదేరాను. కరీంనగర్‌లో ఉదయం అయిదున్నరకు బస్సెక్కి, మంచిర్యాల మీదుగా ఆసిఫాబాద్ వెళ్లి అక్కడ బస్సు మారాను. కెరమెరి ఘాట్ మలుపులు దాటి జైనూర్‌లో దిగేసరికి పదకొండున్నర.

మిషన్ ఇచ్చేసి కొండలు చూద్దామనుకున్నాను. స్వరూప మాత్రం రిజిస్టర్ ముందేసుకుని తల పట్టుకుంది. ఎనిమిదో నెల గర్భిణి సోంబాయి నెలన్నరగా పరీక్షకు రాలేదు. పుట్టింటికి వెళ్లిందని ఎవరో చెబితే, అక్కడివాళ్లు చూసుకుంటున్నారులే అనుకుందట. రానూపోనూ ఆరు వందలకు ఆటో మాట్లాడుకుని ఇద్దరం ఆ పుట్టిల్లున్న గూడేనికి వెళ్లాం. సోంబాయి గురించి అడిగితే అక్కడి ఆశా కార్యకర్త కమలాబాయి తెల్లబోయింది.

"గామె అత్తగారింటికి వాపసు పోయింది కదా మేడం! మీరు చూస్తున్నరనుకున్న."

"మేం మీరు చూస్తున్నరనుకున్నం," అంది స్వరూప.

ఎవరిది పొరపాటో నాకు అర్థం కాలేదు. సోంబాయి వెళ్లిపోయిందని ఇద్దరూ ఎవరి రిజిస్టర్లో వాళ్లు ఎప్పటికప్పుడు రాసుకున్నారు. మనిషే ఏ ఊళ్లోనూ లేదు. ఇంతలో ఆటో డ్రైవర్ మారుతి పక్కింటి ముసలమ్మను గోండిలో అడిగి వచ్చాడు. "పత్తి ఏరెతందుకు మొగడు, పెండ్లాం చేనుకాన్నే గుడిసెల ఉంటున్నరట. గీ వాగు అవతల."

మోకాలి లోతు వాగు దాటి అరగంట నడిచాం. సోంబాయి గుడిసె ముందు కూర్చుని ఉంది. పాదాలు ఉబ్బిపోయాయి. "తలకాయ నొస్తుంది. ఎండకనుకున్న," అంది. స్వరూప బీపీ ఒకసారి చూసి, మళ్లీ చూసింది. ఆ అంకెలు నాకు అర్థం కాలేదు కానీ, చెల్లెలి ముఖం చూసి భయమేసింది.

"ఇంక రెండొద్దుల పనే ఉన్నది. ఎల్లుండి పోతం," అన్నాడు భర్త.

"బీపీ మస్తు ఎక్కువున్నది. ఎల్లుండిదాక ఆగద్దన్నా. తల్లికీ పిల్లకూ పాణం మీదికొస్తది," అంది స్వరూప.

అతను కాసేపు చేను వైపు చూసి, లోపలికి వెళ్లి బట్టలు మూట కట్టాడు. ఇద్దరం చెరోవైపు పట్టుకుని సోంబాయిని వాగు దాటించాం. 108 అంబులెన్స్‌ను పిలుద్దామంటే ఫోన్‌కు సిగ్నల్ లేక, మారుతి తన ఆటోలోనే ఉట్నూరు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. చేరేసరికి నాలుగున్నర. మూడో రోజు ఆడపిల్ల పుట్టింది. బరువు తక్కువే కానీ, ఇద్దరూ క్షేమం.

ఇప్పుడు ఎవరు ఊరు మారినా స్వరూప, కమలాబాయి ఒకరికొకరు ఫోన్ చేసుకుంటున్నారు. అంత చిన్న పని ముందే ఎందుకు తట్టలేదో వాళ్లకే తెలియదు. పని ఎగ్గొట్టినవాళ్లు ఎవరూ లేకపోయినా ఒక మనిషి ఎలా జారిపోయిందో నాకిప్పటికీ అంతుపట్టదు. ఈ గూడేల్లో ఎవరినైనా వెతుక్కుంటూ వెళితే ఊరి పేరు అడిగి ఊరుకోకండి, ఈ వారం ఏ చేన్లో పని చేస్తున్నారో కూడా అడగండి.