ముప్పై రాస్తే ఇరవై వచ్చేది

2023. చోడవరం చుట్టూ చెరకు నరుకుడు జోరుగా సాగుతున్న రోజులు. మా ప్రైవేటు ఆసుపత్రిలో మందుల ప్లానింగ్ నా పని. వచ్చే నెలకు ఏ మందు ఎంత పడుతుందో నేను రాసిచ్చేది ఇండెంట్. దాన్ని చూసి కొనేది పర్చేజ్ అప్పారావుగారు. నేను అన్నీ పెంచి రాస్తానని ఆయన అనుమానం. ఆయన అన్నీ కోసేస్తారని నా నమ్మకం. అందుకే ఇరవై కావాలంటే ముప్పై రాసేదాన్ని, ఆయన ఇరవై తెచ్చేవారు. ఏళ్ల తరబడి అలాగే నడిచింది. తిట్టుకోవడానికి తప్ప మాట్లాడుకునే అవసరమే రాలేదు.

నేను ఆపరేషనై సెలవులో ఉండగా ఇండెంట్ మా హెడ్ నర్సు రమణమ్మ రాసింది. నేను తిరిగొచ్చిన రోజే, బుచ్చయ్యపేట నుంచి ఒక కూలి మనిషి భార్యను ఆటోలో తెచ్చాడు.

"సెరుకాకు గీసుకుందనుకుందమ్మా. పామని తెల్నేదు. కళ్లు తెరవనేకపోతంది, ఏటవుద్దమ్మా?"

డాక్టరు ఏఎస్‌వీ, అంటే పాము విషానికి విరుగుడు, పది సీసాలు ఎక్కించారు. "తగ్గకపోతే ఇంకో పది కావాలి, తీసి ఉంచండి" అన్నారు. ఫ్రిజ్ తెరిచాను. ఒక్కటీ లేదు. ఫోన్ చేశాను.

"అప్పారావుగారూ, మిగతా విరుగుడు ఏదండీ?"

"ఇరవై రాసేరు, పది తెచ్చేను. మీ లెక్క నాకు తెల్దేటి?"

"నేను రాయలేదు బాబూ! రమణమ్మ రాసింది. ఇరవై అంటే ఇరవయ్యే!"

"అనకాపల్లి ఎల్లి తెత్తాను" అని ఆయన ఫోన్ పెట్టేశారు.

పాము కరిచినామె గొంతు ముద్దగా మారింది. తర్వాత అదీ ఆగింది. రొమ్ము ఎగరడం సన్నగిల్లుతుంటే రమణమ్మ అంబూ బ్యాగ్, ఊపిరి అందించే రబ్బరు సంచి, చేత్తో నొక్కుతూ కూర్చుంది. "నొక్కడం ఆపకమ్మా" అని భర్త ఆమెకు దండం పెడుతూనే ఉన్నాడు. నేను గేటుకీ వార్డుకీ మధ్య తిరిగాను. ప్రతి బైకు చప్పుడుకీ రోడ్డు మీదికి తొంగి చూశాను.

అప్పారావుగారు ఐస్ డబ్బాతో పరుగెత్తుకొచ్చారు. అందులోని పది సీసాలూ డాక్టరు ఎక్కించారు. మర్నాడు ఆమె కళ్లు తెరిచి, మొగుణ్ణి చూసి, "ఏటలా సూస్తన్నావు, గుంటలు తిన్నారా?" అని పిల్లల సంగతి అడిగింది. అప్పారావుగారు వరండాలోకి వెళ్లిపోయారు.

కోయడం తప్పేనని ఆయనతో నేటికీ వాదిస్తాను. పెంచడం వల్లే కోశానంటారాయన. కానీ ఇప్పుడు ఇండెంట్ ఎదురెదురుగా కూర్చుని రాస్తాం. అంకెలో నా అనుమానం నేను కలిపి, తన అనుమానం ఆయన తీసేస్తే, మిగిలేది రోగికి సరిపోతుందని ఎవరు చెప్పగలరు?