దుబాయిలో ఇంకా పొద్దు గూకలేదు

పక్కింటి అమ్మాయి పొద్దు వాలే వేళకు కిటికీ దగ్గర కూర్చుని, హెడ్‌సెట్ తగిలించుకుని, ఏ దేశంలోనో ఉన్న తన బాసుకు "గుడ్ మార్నింగ్" చెబుతుంది. వరండాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వింటుంటాను. ఆ మాట చెవిన పడగానే నా ఎడమ చెవి వేడెక్కుతుంది. ఏళ్ల తరబడి నల్లటి హెడ్‌ఫోన్ అదిమిపెట్టిన చెవి మరి. మొహం చూడని మనుషులతో, మనది కాని పొద్దులో పనిచేయడం ఇప్పుడొచ్చిన వింత అని ఆ పిల్ల నమ్మకం. అనసూయమ్మ గారిని చూసి ఉంటే అలా అనుకునేది కాదు.

ఎనభైల మొదట్లో జహీరాబాద్ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో నేను ఆపరేటరుగా చేరేసరికి ఆవిడ మా సీనియర్. మొగుడంపల్లి నుంచీ రాయికోడ్ నుంచీ దుబాయికి పోయినవాళ్ల ఇంటివాళ్లు ట్రంకాల్ కోసం వచ్చి మా బల్ల మీద కూర్చునేవారు. మా లైను హైదరాబాద్ మీదుగా బొంబాయికి వెళ్లేది. అక్కడి ఆపరేటరు సముద్రం అవతలికి కలిపేది. ఆమె పేరు మాకు తెలియదు, మరాఠీలో అక్కా అన్నట్టు తాయీ అని పిలిచేవాళ్లం. ఆమె మమ్మల్ని చూసిందీ లేదు, మేం ఆమెను చూసిందీ లేదు. అయినా తాయికి గొంతు బొంగురుపోతే మిరియాల పాలు తాగమని ఇక్కడి నుంచి చెప్పేది అనసూయమ్మ గారే.

ఆవిడ పద్ధతి మొదట్లో నాకు ఒళ్లు మండించేది. లైను దొరకడమే గగనం. దొరికిందే చాలని నంబరు చెప్పేయకుండా, "తాయీ, తిన్నవా? మీ దిక్కు వాన పడ్తున్నదా?" అని వచ్చీరాని మరాఠీలో తీరిగ్గా అడిగేవారు. ఒకనాడు ఉండబట్టలేక, "అమ్మా, ఫోన్ కోసం పార్టీలు కూసున్నరు, ఈ ముచ్చట్లెందుకు?" అన్నాను. ఆవిడ కోప్పడలేదు. "జర ఆగు పిల్లా. అవతలి మనిషి ఎట్లున్నదో, ఆమె పొద్దు ఏడున్నదో తెల్వకుంట పని చెప్తే గోడకు చెప్పినట్లే" అన్నారు. ఆ మాట నా చెవికెక్కలేదు. ఉద్యోగం కొత్తగా వచ్చిన రోజుల్లో మనకన్నీ తెలిసినట్టే ఉంటుంది కదా.

రహీంబీ సంగతితో నా నోరు మూతపడింది. ఆమె ఇంట్లో మిషన్ మీద బట్టలు కుట్టేది. భర్త యూసుఫ్ సొంత ఇల్లు కట్టుకోవాలని దుబాయికి పోయి తాపీమేస్త్రీగా చేస్తున్నాడు. ఆ రోజుల్లో దుబాయివాళ్లు తమ గొంతు టేపులో పట్టి, ఊరికొచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. యూసుఫ్ పంపిన క్యాసెట్‌లో ఉన్న మాట ఇది: కంపెనీ ఈ నెలాఖరులోగా మరో కరారుకు సంతకం పెట్టమంటున్నది, నువ్వు ఉండమంటే ఉంటాను, రమ్మంటే వస్తాను, ప్రతి గురువారం పొద్దు గూకగానే చేసే మగ్రిబ్ నమాజ్ అయ్యాక క్యాంపు పక్క దుకాణంలో ఫోన్ దగ్గర నిలబడతాను. ఆమెకు అతను రావాలనే ఉంది. తండ్రిని చూడని ఆమె కూతురు టేపురికార్డర్‌ను చూపించి, నాన్నను పిలిచినట్టు "అబ్బా" అనేది.

మా ఊరి మసీదులో మగ్రిబ్ అజాన్ వినిపించగానే రహీంబీ బల్ల మీదికి వచ్చేది. అది ఫలానా మనిషి ఉంటేనే మాట్లాడే కాల్. మొదటి రెండు గురువారాలూ దుకాణదారు "యూసుఫ్ లేడు" అన్నాడు, కాల్ రద్దయింది. ఆ రెండు వారాలూ అనసూయమ్మ గారు సెలవులో ఉన్నారు. మూడో గురువారం రహీంబీ కళ్లు ఉబ్బి ఉన్నాయి. "ఎల్లుండి సంతకం పెడ్తడట అమ్మా. నా మీద మనసు ఇరిగిందో ఏమో, ఫోన్ కాడికే వస్తలేడు" అంది. ఈసారీ దుకాణదారుది అదే మాట.

అనసూయమ్మ గారు రద్దు చేయలేదు. "తాయీ, ఆ సేటును ఒక్క మాట అడుగు. వాళ్ల కాడ మగ్రిబ్ అజాన్ అయ్యిందా?" అన్నారు. కాసేపటికి తాయి నవ్వు వినిపించింది. అక్కడ ఇంకా వీధి నిండా ఎండ ఉందట. యూసుఫ్ చెప్పింది తన మగ్రిబ్, రహీంబీ లెక్క పెట్టుకుంది తన మగ్రిబ్. రెండు వారాలుగా ఈమె ఇంటికెళ్లి ఏడుస్తున్న వేళకు, అతను ఆ ఫోన్ దగ్గర నిలబడి భార్య మనసు విరిగిందని అనుకుంటున్నాడు. "కూసో బిడ్డా. ఆడ ఇంక పొద్దు గూకలేదు" అన్నారు అనసూయమ్మ గారు. డ్యూటీ అయిపోయినా ఆవిడ తన ఊరు ఝరాసంగం వెళ్లే బస్సు ఎక్కలేదు.

యూసుఫ్ వచ్చాడు. కానీ లైను అధ్వానంగా ఉంది. ఇక్కడి మాట అక్కడికి అందడం లేదు, అక్కడిది ఇక్కడికి రావడం లేదు. తాయి గొంతు మాత్రం ఇద్దరికీ వినిపిస్తోంది. అలాంటప్పుడు ఆపరేటర్లమే మాటలు అందించేవాళ్లం. అనసూయమ్మ గారు నన్ను కూర్చోబెట్టి, "రహీంబీ, నీ మొగనికి ఏం చెప్తవో ఈ పిల్లకు చెప్పు" అన్నారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తూ అంది: "ఇల్లు తర్వాత కట్టుకోవచ్చు. నాకు నువ్వు గావాలె. పిల్ల టేపురికార్డర్‌నే అబ్బా అనుకుంటున్నది. వచ్చెయ్."

నాకింకా పెళ్లి కాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. "ఇంటికి రమ్మంటున్నదని చెప్తే సాలదా అమ్మా?" అని గొణిగాను. "సాలదు. ఆమె ఎట్లన్నదో అట్లనే అను" అన్నారావిడ. అన్నాను. హిందీలో, ఒక్క మాటా తగ్గించకుండా, తాయికి చెప్పాను. తాయి అవే మాటలు సముద్రం అవతలికి చెప్పడం విన్నాను. ఆమె గొంతులో నవ్వు లేదు. చాలాసేపటి తర్వాత, "ఏడుస్తున్నాడు, ఆగండి" అంది. ఆ తర్వాత, "సంతకం పెట్టడట. వస్తాడట" అంది. రహీంబీ నా చేయి గట్టిగా పట్టుకుంది. గాజు విరిగి గుచ్చుకున్నా ఇద్దరికీ తెలియలేదు.

ఆమె వెళ్లాక అడిగాను. "మీరే చెప్పచ్చు గదా అమ్మా, నన్నెందుకు కూసోబెట్టిన్రు?"

అనసూయమ్మ గారు సంచి సర్దుకుంటూ, "మా ఆయన పోయి శానా ఏండ్లాయె. వచ్చెయ్ అనే మాట నేనంటే నా గొంతు వణుకుతది. ఆ వణుకు ఆమె మాటల కలుస్తది" అన్నారు.

ఆవిడ ఇప్పుడు లేరు. నేను పెళ్లిసంబంధాలు మాట్లాడాను, విడిపోయిన అన్నదమ్ముల మధ్య కబుర్లు మోశాను, కోడళ్ల మాటలు అత్తలకు చెప్పాను. ప్రతిసారీ నోరు తెరిచే ముందు, వణికేది నా గొంతేమోనని ఒక్క క్షణం చూసుకుంటాను. నాదే అయితే, మెల్లగా లేచి ఆ కుర్చీ ఇంకొకరికి ఇస్తాను.