రాళ్ల బియ్యం అర్జీ

మొన్న రేషన్ దుకాణంలో మా చిన్నమ్మ బొటనవేలిని వేలిముద్ర మిషను మూడుసార్లు నమ్మలేదు. ఏళ్లతరబడి నాట్లు వేసి అరిగిపోయిన ఆ వేలికి గీతలెక్కడివి? "పెన్నియ్యి బిడ్డా, సంతకం పెడ్త" అని ఆమె అంటే, మిషను పట్టుకున్న పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఎనభైల మొదట్లో, సుల్తానాబాద్ గ్రంథాలయంలో చేతికందిన పుస్తకమల్లా చదివేసి నాకు నేనే పండితుణ్ణనుకునే రోజుల్లో, మా ఊరి ఆడవాళ్లకు మధ్యాహ్నం పూట బడి వరండాలో అక్షరాలు నేర్పేవాణ్ణి. వాచకం వాళ్లకు రుచించలేదు. రేషన్ బియ్యంలో రాళ్లు ఏరుకుంటూనే వినేవాళ్లు కాబట్టి, పాఠాన్ని ఆ చాటలోకే దించి, బియ్యం, రాయి, నూక, పురుగు అని రాయించి, ఇంట్లో ఆ పూట ఏం వండుకున్నారో కూడా పలక మీద రాయమన్నాను. అక్కడే వాళ్లకు అనుమానం పుట్టింది.

"మా కుండల ఏమున్నదో గీనికెందుకే? డీలర్ పంపిండా ఏంది, కార్డులు తీసేపిచ్చెటందుకు?"

సగం మంది రావడం మానేశారు. నేనూ తక్కువవాణ్ణి కాదు. చిన్నమ్మ ఆ రేషన్ డీలరుకు వరసకు వదిన కావడంతో, మా మాటలు అతనికి ఆమే మోస్తున్నదని లోలోపల అనుకుని, ఆమె వస్తే పాఠం మార్చేవాణ్ణి.

చిన్నమ్మతో సహా మిగిలిన పదిమందితో, రాళ్ల బియ్యం మీద తహశీలు ఆఫీసుకు అర్జీ పెట్టాలనుకున్నాం. వాళ్ల మాటలు నాకు మోటుగా తోచి, అర్జీ అంతా గ్రంథాలయ భాషలో నేనే రాసి, కింద వాళ్లచేత సంతకాలు పెట్టించాను. అందరం కలిసి పట్టుకెళ్తే, ఆఫీసరు దాన్ని చదివి, నన్ను కిందినుంచి పైదాకా చూసి, సంతకాలు కూడా నువ్వే గీకావు కదా అన్నాడు. ఆ అర్జీ చెల్లకపోతే, విషయం తెలిసిన డీలర్ మళ్లీ మాలో ఎవరికీ సరిగా గింజ పెట్టడు.

అప్పుడు చిన్నమ్మ ముందుకొచ్చి, కొంగుముడి విప్పి ఏరిన రాళ్లు బల్ల మీద పోసి, ఒక తెల్ల కాగితం అడుక్కుని, చెమటలు కక్కుతూ పావుగంట రాసింది: "బియ్యంల రాళ్లున్నయి. మీరు తిని చూడుండ్రి సారు." కింద తన పేరు. ఆఫీసరు ఆ రాళ్లను వేలితో కదిపి, కాగితం మీద ముద్ర వేయించాడు.

"నీ గా పెద్ద పెద్ద మాటలు మాకే తెల్వకపాయె, సారుకేం తెలుస్తయిరా" అన్నది చిన్నమ్మ, తిరిగొచ్చే బస్సులో.

తర్వాతి నెల రాళ్లు తగ్గాయి. మరిది వరసైన ఆ డీలర్ ఆమెతో మాటలు మానేశాడు. ఆమెను అనుమానించానని నేను ఇప్పటికీ చెప్పలేదు.

ఇప్పుడు బియ్యం తెల్లగా, రాయి లేకుండా వస్తున్నా చిన్నమ్మ చాట వదలదు. చేతిరాతను నమ్మిన కాలం మాత్రం పోయింది. వేలిముద్ర వద్దని ఆమెకు అక్షరాలు నేర్పినవాణ్ణి, మొన్న ఆ వేలిని తడిగుడ్డతో తుడిచి, నేనే మిషను మీద అదిమి పట్టాను.