గాయపడ్డ పిన్ని

మైదానం పక్కన ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆవిడను, సైన్యంలో చేరాలని అక్కడ కసరత్తు చేసే పిల్లలంతా పిన్ని అంటారు. తెల్లవారగానే బొగ్గులు రాజేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, కొంగు దోపుకుని గడ్డి మీద వెల్లకిలా పడుకుంటుంది. గాయపడ్డ సైనికుణ్ణి మోసుకెళ్లే పరీక్షకు సాధన చెయ్యాలంటే మోయడానికో మనిషి కావాలి కదా! కిందటేడు కూతురి కోసం మొదలుపెట్టిన పని అది. కూతురికి ఉద్యోగం వచ్చి ఎక్కడో సరిహద్దుకు వెళ్లిపోయింది. పిన్ని మాత్రం పడుకోవడం మానలేదు.

"పిన్నీ, నిన్నటికంటే బరువెక్కావు!"

"రోజూ గాయపడేదాన్ని, కాస్త బలానికి తినొద్దటే?"

ఒకరోజు పిన్నిని వీపున వేసుకున్నది కొత్తగా చేరిన పిల్ల. గుచ్చుకునే ఆ భుజం ఎముక, చెమటకు తడిసిన ఆ మెడ అచ్చం కూతురివే. పిన్ని చేతులు వాటంతటవే ఆ మెడను చుట్టుకున్నాయి.

"స్పృహ తప్పినవాళ్లు అలా పట్టుకోరమ్మా! చేతులు వదిలెయ్!" అని కోచ్ కేకేశాడు. పిన్ని సిగ్గుపడి వదలబోయింది.

"పర్లేదు సార్, పట్టుకోనివ్వండి," అంది ఆ పిల్ల రొప్పుతూ.

ముగింపు గీత దాటారు. పిన్ని కళ్లు తెరవలేదు. ఆ పిల్లా దించలేదు.