అమ్మ అమ్మని సంగటి

కంబదూరు దగ్గర మెట్ట పొలం మీద బతికిన కుటుంబం మాది. బతికిన అన్నాను గానీ, ఆ పొలం మమ్మల్ని బతికించిందని నాయన కూడా ఎప్పుడూ అనలేదు. వాన పడితే శెనక్కాయ వేయడం, పడకపోతే మొగులు కేసి చూడటం. పొద్దున సంగటి, రాత్రి సంగటి. మధ్యాహ్నం మాత్రం మార్పు ఉండేది: పొద్దున మిగిలిన సంగటి, మజ్జిగలో. వరి అన్నం పండగకు వచ్చే చుట్టం, వస్తే ఒక్క పూటకు మించి ఉండేది కాదు. అందుకే నా చిన్నప్పటి ఆశయం ఒక్కటే, రోజూ అన్నం తినే ఉద్యోగం.

అది దొరికింది. పదో తరగతి నాతోనూ, నేను పదో తరగతితోనూ విసిగిపోయాక కళ్యాణదుర్గంలో ఒక హోటల్లో ప్లేట్లు కడిగే పనికి కుదిరాను. కడగడం నుంచి వడ్డనకు, వడ్డన నుంచి పొయ్యి దగ్గరికి చేరేసరికి తొంభైల చివరి ఏళ్లన్నీ అయిపోయాయి. జీవితంలో పైకి రావడం అంటారే, నాకు అది వెనక గదిలోంచి ముందు గదిలోకి రావడం, మళ్లీ వెనక గదిలోకి పోవడం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాయన పోయాడు. పొలం బీడు పడింది. సోమందేపల్లె దగ్గర హైవే పక్కన ఒక రేకుల షెడ్డు బాడుగకు తీసుకుని, అమ్మను తోడు తెచ్చుకుని హోటల్ పెట్టాను. తెల్లవారకముందే బోరు దగ్గర నీళ్లు మోయడం, సైకిల్ మీద కట్టెలు తేవడం, వండటం, వడ్డించడం, తోమడం అన్నీ మేమిద్దరమే. యజమానినీ నేనే, పనివాణ్ణీ నేనే కాబట్టి తిట్లు మాత్రం తగ్గాయి.

మేం పెట్టింది అన్నం, సాంబారు. అదే అన్నం, అదే సాంబారు ట్యూబులైట్ల కింద పెట్టే హోటళ్లు మాకు అటూ ఇటూ ఉన్నాయి. లారీలు వాటి ముందు ఆగేవి, మా ముందు దుమ్ము ఆగేది. మిగిలిన అన్నమంతా నేనే తినేవాణ్ణి. నా ఆశయం ఆ విధంగా పూర్తిగా నెరవేరింది. అమ్మ మటుకు, అన్నంతో ఆకలి తీరదని, చిన్న కుండలో తనకు సంగటి చేసుకునేది. ఉగాది దాకా ఇట్లాగే నడిస్తే షెడ్డు వదులుకోవాలి. నేను మళ్లీ ఒకరి ప్లేట్ల దగ్గరికి, అమ్మ కూలికి.

ఆ చిన్న కుండను చూస్తుంటేనే ఆలోచన తట్టింది. ఆ రోడ్డు మీద పోయే డ్రైవర్లలో చాలామంది సంగటి ముద్ద తిని పెరిగినవాళ్లు. అది ఏ హోటల్లోనూ దొరకదు. అమ్మ సంగటిలో పిండి ఉండ ఒక్కటి తగలదు. కుండను రెండు పాదాల మధ్య బిగించి తెడ్డుతో కెలికిందంటే ముందు కుండే అలిసిపోవాలి. ఆ మాట కదిపితే, బియ్యం చెరుగుతున్నదల్లా చాట కింద పెట్టింది.

"సంగటి అమ్ముతారా రేయ్ యాడన్నా? ఆకలని వచ్చినోనికి పెడతారు గానీ."

అన్నం అమ్ముతున్నాం కదా అన్నాను. బియ్యం కొన్నవి, కొన్నది అమ్మొచ్చు అంది. రాగులు కూడా కొన్నవేనంటే వినిపించుకోలేదు. మా ఊళ్లో కూలికి వచ్చినవాళ్లకూ దారిన పోయేవాళ్లకూ సంగటి పెట్టడమే తప్ప దానికి వెల కట్టిన ఇల్లు లేదు. మా కుండ ఖాళీగా ఉన్న రోజుల్లో మాకూ అట్లాగే ఎవరో ఒకరు పెట్టారు. అమ్మ ఒప్పుకోనిది అమ్మడం ఎట్లాగో నాకు తెలియలేదు.

దారి తోచక బోర్డు రాయించాను. అడిగేవాళ్లు వస్తే అమ్మ మెత్తబడుతుందని ఆశ. "అమ్మబడును" అని రాయడానికి చెయ్యి రాక, "రాగి సంగటి దొరుకును" అని కాగితం మీద రాసి పెయింటరుకు ఇచ్చాను. నా చేతిరాతలో ట, త కవల పిల్లలు. పెయింటరు నిజాయితీపరుడు, కనిపించింది కనిపించినట్టు దించాడు: "రాగి సంగతి దొరుకును." నేను గమనించలేదు. అమ్మకు చదువు రాదు కాబట్టి ఆమెకు బోర్డు సంగతే చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఒక లారీ ఆగింది. డ్రైవరు బోర్డు చదువుకుని, నవ్వుకుంటూ లోపలికి వచ్చి, పొయ్యి దగ్గరున్న అమ్మను అడిగాడు.

"ఏమ్మా, రాగి సంగతేంది?"

"ఏముంటాదప్పా. వాన ల్యాకుంటే రాగులు యాడ పండుతాయి?"

"మా పక్కా అంతేలేమ్మా. సంగతి దొరుకుతాదని బోర్డు మీద రాసినారే?"

అమ్మ నా వైపు చూసింది. నేను సాంబారు వైపు చూశాను. పొద్దున్నుంచి ఏమీ తినలేదని, అన్నం వద్దని, సంగటి ఉందేమోనని ఆగానని ఆయన చెప్పాడు.

"ఉంటే రోంత పెట్టమ్మా."

పెట్టమన్నాడు. ఆ మాట చాలు. అమ్మ చెయ్యి తడుపుకుని తన కుండలోంచి ముద్ద చేసింది, పక్కన శెనక్కాయలు నూరిన ఊరిబిండి వేసింది. అది అయిపోతే ఇంకో ముద్ద. ఆయన లేచి ఎంతయిందని అడిగితే దానికి దుడ్లు లేవంది. హోటల్లో ఊరికే తింటే నాకు అరగదన్నాడు ఆయన. ఇద్దరూ తగ్గలేదు. గంటె పట్టుకుని మధ్యలో నేను. చివరికి అమ్మే తేల్చింది.

"సంగటికి వద్దు. ఊరిబిండికి ఇచ్చిపో. అవి కొన్న శెనక్కాయలు."

రాగులూ కొన్నవే కదా అని ఈసారి నేను అనలేదు.

మా వ్యాపారమంతా ఆ మాట మీదే నిలబడింది. ఊరిబిండికి రేటు, పప్పుకు రేటు, కోడి పులుసుకు రేటు. ముద్దకు మాత్రం లేదు, ఎన్ని అడిగితే అన్ని. మునిగిపోతావని తెలిసినవాళ్లు హెచ్చరించారు. మునగాలంటే ముందు మన జిల్లాలో నీళ్లుండాలి కదా అన్నాను. ఉగాది వచ్చింది, పోయింది, షెడ్డు ఉంది. ఆ డ్రైవరు ఇంకొందరికి చెప్పాడు, వాళ్లు మరికొందరికి. బోర్డును చూసి నవ్వడానికి ఆగినవాళ్లు కూడా తినే పోయేవాళ్లు. తర్వాత తర్వాత చక్కెర జబ్బువాళ్లు కార్లలో రాసాగారు. చిన్నప్పుడు నేను తప్పించుకోవాలనుకున్న తిండినే డాక్టర్లు వాళ్లకు రాసిచ్చి పంపారు.

కొన్నేళ్లకు అదే రోడ్డు మీద సొంత బిల్డింగు కట్టాను. పనివాళ్లు వచ్చారు. అమ్మ తెడ్డు ఇంకొకరి చేతిలో పెట్టడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. కొత్త బోర్డు కంప్యూటర్ మీద చేయించాను, ట అంటే ట. మేకులు కొట్టే మనిషి నిచ్చెన ఎక్కుతుంటే అమ్మ ఆపింది.

"ఏమని రాసినావు?"

చదివి వినిపించాను.

"అమ్ముతామని ఉండాదా?"

"ల్యాదమ్మా. దొరుకుతాదని ఉండాది."

"అట్లయితే కొట్టుకోమను," అంటూ నిచ్చెన పట్టుకుంది.