నా పిన్ నంబరును నేను కాపాడుకున్న తీరు

బ్యాంకు వాళ్లు మా ఊళ్లో మీటింగు పెట్టి, కార్డు పిన్ ఎవరికీ చెప్పొద్దనీ, నొక్కేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోమనీ చెప్పిపోయారు. వాళ్లు గంటసేపు చెప్పినదాన్ని నేను ఏడాది పొడవునా చెప్పాను. చిన్న మంగళారంలో మాకు చామంతి తోట ఉంది. పూలు కొయ్యడానికి వచ్చే ఆడవాళ్లకు, కార్డే లేనివాళ్లకు కూడా, పిన్ ఎలా దాచుకోవాలో నేర్పాను.

ఒక శనివారం వియ్యంకుల్ని చిల్కూరు గుడికి తీసుకెళ్లి, తిరిగి వస్తూ మొయినాబాద్‌లో ఒక హోటల్లో భోజనం పెట్టించాను. సర్వరు బిల్లుతో పాటు స్వైపింగ్ మిషన్ తెచ్చాడు. నా వయసువాడే, మీసం నెరిసింది. ఒక చేత్తో నంబరు నొక్కుతూ, రెండో చేతిని దీపానికి గాలి తగలకుండా పెట్టినట్టు పెట్టాను. అదీ చాలదనిపించింది.

"అన్నా, జర గోడ దిక్కు తిరుగు" అన్నాను.

తిరిగాడు. వియ్యంకుడు మెచ్చుకోలుగా తల ఊపాడు.

మర్నాడు పొద్దున తోటలో మోటరు కాలిపోయిందని నా భార్య చెప్పింది. నేను ఫోన్‌లో కార్డు మోసాల వీడియో చూస్తున్నాను. నువ్వే చూసుకో అన్నాను. మధ్యాహ్నం చేవెళ్ల మార్కెట్లో పూలు దించి వస్తుంటే, ఏటీఎంలో పదివేలు తీసినట్టు మెసేజ్ వచ్చింది. కార్డు ఇంట్లో చొక్కా జేబులో ఉంది. అంటే దానికి నకలు తీశారన్నమాట, వీడియోలో చూపించినట్టే. మరి పిన్? అప్పుడు తట్టింది. అతన్ని నేను తిప్పిన గోడకు చేతులు కడుక్కునే చోట అద్దం ఉంది.

ఇంటికి ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. చెయ్యలేదు, నేరుగా హోటల్‌కి బయల్దేరాను. ఇన్నాళ్లూ నేను హెచ్చరిస్తున్న మోసం చివరికి జరిగినందుకు లోలోపల ఒక రకం సంతోషం కూడా కలిగింది.

ఆదివారం కాబట్టి హోటల్ నిండుగా ఉంది. సర్వరు అద్దంలో పిన్ చూసి నా డబ్బు కాజేశాడని వంటింటి దాకా వినిపించేలా అన్నాను.

"నేను జూడలే సారు. నువ్వు తిరగమంటె తిరిగిన" అన్నాడతను.

తింటున్నవాళ్లు ఎవరి పర్సులు వాళ్లు తడుముకున్నారు. అది చూసి ఓనరు అతన్ని రేపటి నుంచి రావొద్దన్నాడు.

ఇంటికి వెళ్లేసరికి మోటరు తిరుగుతోంది.

"మెకానిక్ నగదే కావాలన్నడు. నీ కార్డు తీస్కపొయి తెచ్చిన" అంది నా భార్య.

"పిన్ నీకెట్ల ఎర్క?"

"నీ బండి నంబరే గద. పూలు కోసెటోళ్లకు గూడ ఎర్కే."

ఆ సాయంత్రమే హోటల్‌కి వెళ్లాల్సింది. ఎనిమిది రోజులు దాని ముందు నుంచే, హెల్మెట్ తియ్యకుండా పోయాను. పిన్ మాత్రం మర్నాడే మార్చాను.

తొమ్మిదో రోజు వాకబు చేస్తే, మోకిలలో కొత్త ఇళ్ల దగ్గర కూలికి పోతున్నాడని తెలిసింది. గోడలకు నీళ్లు కొడుతూ కనిపించాడు. జరిగింది చెప్పి, తప్పయిందన్నాను. పైపు కింద పెట్టలేదు.

"గీడ నాకు జెప్తె ఏమొస్తది సారు? ఆడ జెప్పు. గా దినం మా ఊరోళ్లు గూడ ఉండె."

"రేపే పోయి చెప్తా."

"రేపు ఎవరుంటరు? నన్ను అన్నది ఐతారం గద."

ఫోన్ నంబరిచ్చి మళ్లీ గోడవైపు తిరిగాడు.

ఆదివారం హోటల్లో బల్లల మధ్య నిలబడ్డాను. ముందు అందరికీ చేతులు జోడించాను. చందాకు వచ్చాననుకొని ఒకాయన ఇరవై రూపాయలు చాపాడు. డబ్బు తీసింది నా ఇంట్లోవాళ్లేనని, ఆ రోజు పొరపాటు జరిగిందని ఎలాగో చెప్పాను. కొందరు నవ్వారు. ఓనరు, సోమవారం నుంచి రమ్మనండి అన్నాడు. అక్కడే ఒక బల్ల దగ్గర కూర్చుని అతనికి ఫోన్ చేసి, పెద్ద పని చేసినవాడిలా ఆ కబురు చెప్పాను.

అతను ఒక్కటే అడిగాడు.

"పొరపాటైందని చెప్పినవా, నేను దొంగను గానని చెప్పినవా?"

చెప్పింది మొదటిదేనని ఒప్పుకున్నాను.

"గట్లయితె రెండోది జెప్పు. నేను లైన్లనే ఉంట."

ఫోన్ బల్ల మీద పెట్టి, మళ్లీ లేచి నిలబడ్డాను.